ఏ కార్డు వచ్చినా పనికొచ్చే ప్రశ్న

బెంగళూరులో తెలుగువాళ్లు టారో రీడర్ ముందు, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పేవాళ్ల ముందు, కూర్చుని అడిగే ప్రశ్నలను ఇట్టే లెక్కపెట్టవచ్చు. ఉద్యోగం ఎప్పుడు మారుతుంది, పెళ్లి ఎప్పుడవుతుంది, వీసా వస్తుందా. ఈమధ్య నాలుగోది చేరింది: వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాటు కొనవచ్చా. అడిగేది మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడైనా, సర్జాపూర్ రోడ్డులో కాపురముంటున్న నలభై ఏళ్ల గృహస్థుడైనా, ఆఫీసు పండగ స్టాళ్లలో మెహందీ బల్ల పక్కనైనా, వీడియో కాల్‌లోనైనా మాట ఇలాగే మొదలవుతుంది. వెంటనే రీడర్ సర్దుతారు: "అవును, కాదు అని జవాబు వచ్చేలా అడగకండి. ఎలా, ఏమిటి అని అడగండి." టారో నేర్పేవాళ్లు తరచుగా చెప్పే మొదటి పాఠం ఇదే.

ఈ పాఠం తప్పు కాదు, కానీ సగమే. "నా జీవితం ఎలా ఉండబోతోంది?" అన్నది ఈ నియమం ప్రకారం చక్కని ప్రశ్న. నిజానికి టారో బల్ల ముందు ఇంతకంటే పనికిరాని ప్రశ్న మరొకటి లేదు. అదే "ఈ నెలాఖరులోగా మేనేజరుతో జీతం సంగతి మాట్లాడే ధైర్యం నాకుందా?" అన్నది అచ్చమైన అవును-కాదు ప్రశ్న. దాని మీద అరగంట మాట్లాడుకోవచ్చు. కాబట్టి తేడా ప్రశ్నార్థక పదంలో లేదు. నేను పెట్టుకున్న కొలత ఒకటే: టారో కట్టలోని 78 కార్డుల్లో ఏది వచ్చినా, మరునాడు పొద్దున మీకు ఆలోచించడానికో చేయడానికో ఏదో ఒకటి మిగలాలి. కొన్ని కార్డులు వస్తే సంబరం, మిగతావి వస్తే దిగులు, అంతకుమించి ఏమీ మిగలని ప్రశ్నకు డబ్బు కట్టడం దండగ.

కార్డులకు భవిష్యత్తు తెలుసని నేను నమ్మను. అయినా స్నేహితులు అడిగితే తీసిపెడతాను, ఎందుకంటే బొమ్మ ముందు కూర్చుంటే మనుషులు మామూలుగా చెప్పని మాటలు చెబుతారు. నమ్మేవాళ్లతో నాకు తగాదా లేదు. ప్రశ్న చెడితే నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ నష్టం ఒకేలా ఉంటుంది.

ఇంతకీ "ఎలా, ఏమిటి" అన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? దానికి కార్డుల పుట్టుక కొంచెం తెలియాలి. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. మిలాన్ పాలకులైన విస్కోంటి, స్ఫోర్జా వంశాల కోసం చేతితో చిత్రించిన కార్డులు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిలో జోస్యం ఏమీ లేదు, ఆట తప్ప. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానమని రాసేశాడు. ఈజిప్టు చిత్రలిపిని చదవడం ఆ రోజుల్లో ఎవరికీ రాదు కాబట్టి ఆధారాలు చూపించి కాదనగలిగినవాడూ లేడు. మరికొన్నేళ్లకే ఎట్టేయా అనే పారిస్ జోస్యుడు టారోతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా అచ్చు వేశాడు. అలా పేకాట కాస్తా ప్రశ్న చెప్పే సాధనమైంది.

అసలు మలుపు మాత్రం 1909లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత ఆలోచనకు పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది, లండన్‌లో రైడర్ సంస్థ వాటిని ప్రచురించింది. ఈ రోజు బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో దొరికే టారో పెట్టెల్లో చాలావరకు ఆ కార్డులో, వాటిని అనుసరించినవో. మొత్తం 78లో 22 మేజర్ అర్కానా (డెత్, సన్ వంటి పేర్లున్న పెద్ద కార్డులు), 56 మైనర్ అర్కానా (చిన్న కార్డులు). ఈ 56 మన పేకలాగే నాలుగు రంగులు: వాండ్స్ (కర్రలు), కప్స్ (కప్పులు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు), ఒక్కొక్కదానిలో 14. అంతకుముందు వాడుకలో ఉన్న కార్డుల్లో అంకెల ముక్కల మీద చాలావరకు కథ ఉండేది కాదు. ఆరు కత్తులంటే ఆరు కత్తులే, మన పేకలో ఆరు ఇస్పేటు ఉన్నట్టు. స్మిత్ దాదాపు ప్రతి ముక్క మీదా మనుషులను పెట్టి ఒక సన్నివేశం గీసింది. పడవలో వెళ్లేవాళ్లు, కళ్లకు గంతలు కట్టుకుని కూర్చున్న స్త్రీ, కప్పులను వదిలేసి నడిచిపోయే మనిషి.

సన్నివేశం అవుననదు, కాదనదు. ఫలానా తారీఖు అని కూడా అనదు. ఎవరో ఏదో అవస్థలో ఉన్నట్టు చూపిస్తుంది, అంతే. ఇందులో నేనెవరు, చేతిలో పట్టుకున్నది ఏమిటి, ఎటువైపు చూడటం లేదు, అన్న ప్రశ్నలకు బొమ్మలో చోటుంది. "ఎలా, ఏమిటి" అనమనడంలోని కారణం ఇంతే. గురువులు కారణం వదిలేసి నియమం ఒక్కటే పట్టుకున్నారు.

జాతకం అలవాటుతో వచ్చేవాళ్లం

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. టారో దగ్గరికి మనం ఖాళీ చేతులతో రాము, చిన్నప్పటి నుంచి చూసిన పద్ధతులన్నీ మోసుకొస్తాం.

జాతకంలో "ఎప్పుడు" అన్నది న్యాయమైన ప్రశ్న. పుట్టిన సమయాన్ని బట్టి దశలు లెక్క కడతారు. వింశోత్తరి పద్ధతిలో మొత్తం 120 ఏళ్లు: శుక్రుడికి 20, శనికి 19, రవికి 6, ఇలా. జాతకం నిజమా కాదా అన్నది వేరే చర్చ, కానీ ఆ పద్ధతిలో ఒక గడియారం ఉంది. సిద్ధాంతిగారు "వచ్చే శ్రావణం దాటాక సంబంధాలు చూడండి" అన్నప్పుడు ఆ మాటకు వెనక ఏదో గణితం ఉంటుంది. టారోలో గడియారం లేదు. "పెళ్లి ఎప్పుడు?" అని పట్టుబడితే రీడర్ కార్డు మీది అంకెను చూసి మూడు నెలలనో, మూడు వారాలనో అంటారు. ఒకరి లెక్కలో కప్స్ అంటే వారాలు, మరొకరి లెక్కలో నెలలు. నెల్లూరులో మీ అమ్మగారు ఆ మాట పట్టుకుని కల్యాణమండపం మాట్లాడుకోలేరు కదా.

ప్రశ్నశాస్త్రం సంగతి మరో రకం. అడిగిన క్షణానికి లగ్నం కట్టి జవాబు చెబుతారు. వరాహమిహిరుని కుమారుడు పృథుయశస్సు ఈ విద్య మీద 56 శ్లోకాల షట్పంచాశిక రాశాడు. మైనర్ అర్కానా కార్డులు కూడా 56 కావడం కేవలం కాకతాళీయం, దయచేసి ఎవరూ దీని మీద కొత్త సిద్ధాంతం లేవదీయవద్దు. అక్కడ ముఖ్యం అడిగిన సమయం. అదే నిమిషంలో రెండోసారి అడిగినా అదే చక్రం వస్తుంది. టారోలో కార్డులు మళ్లీ కలిపితే అంతా మారిపోతుంది. కాబట్టి సమయం మోయాల్సిన బరువును ఇక్కడ ప్రశ్నలోని మాటలే మోయాలి.

ఇక సోది, చిలక జోస్యం, నాడీ జోస్యం. సోది చెప్పే ఎరుకల ఆమె మీరు నోరు తెరవకముందే "తల్లీ, నీ మనసులో ఒక దిగులుంది" అని అందుకుంటుంది. చిలక జోస్యంలో పంజరం తలుపు తీస్తే చిలక వచ్చి కట్టలోంచి ఒక అట్ట లాగుతుంది. చూడటానికి టారోకు దగ్గర చుట్టమే, కానీ అక్కడ మీ ప్రశ్నకు పెద్దగా పనిలేదు. తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌లో నాడీ జోస్యులు బొటనవేలి ముద్ర తీసుకుని, మీ జాతకం రాసి ఉందనే తాటాకు దొరికేదాకా వాళ్లే ప్రశ్నలు వేస్తారు. మీరు అవును, కాదు అంటుంటారు. ఈ మూడింటిలోనూ మనం పరీక్ష పెట్టేవాళ్లం, చెప్పేవాళ్లు పరీక్ష రాసేవాళ్లు. అదే అలవాటుతో టారో బల్ల ముందు కూడా పెదవి బిగించి కూర్చుంటాం. "నేనేమీ చెప్పను. నా గురించి మీకేం కనిపిస్తోందో చెప్పండి చూద్దాం."

ఈ పంతం వల్ల నష్టపోయేది మనమే. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన తరగతిలో 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ వారి వారి ఫలితమంటూ ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరి చేతిలో ఉన్నదీ ఒకే కాగితం. అందులోని వాక్యాల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద కొన్న రాశిఫలాల పుస్తకంలోంచి తీసినవి. "మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల సందేహాలున్నాయి" వంటి మాట ఎవరికి సరిపోదు? విశాలమైన ప్రశ్న అడిగితే ఇలాంటి విశాలమైన జవాబే వస్తుంది, అదే నిజమనిపిస్తుంది. పైగా బెంగళూరులో మెడలో కంపెనీ ట్యాగు, మాటలో తెలుగు యాస, వయసు ఇరవై ఎనిమిది ఉన్న మనిషిని చూసి "ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి కదా?" అనడానికి కార్డులు అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

ఫ్లాటు కొనాలా వద్దా

ఒక పెద్ద ప్రశ్నను విప్పి చూద్దాం. ఒక జంట పదేళ్లుగా బెంగళూరులో అద్దెకుంటున్నారు. ఆయన తండ్రి కడపలో ఒక్కరే ఉంటున్నారు. వైట్‌ఫీల్డ్‌లోని ఐటీపీఎల్ టెక్ పార్కు దాటి కొంత దూరంలో ఒక ఫ్లాటు చూశారు, అడ్వాన్సు ఇచ్చే గడువు దగ్గరపడింది. ఆయన వచ్చి "కొనాలా వద్దా?" అని అడిగాడు అనుకుందాం.

పైకి ఒక ప్రశ్నలా ఉన్న ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది కాగితాలది. ఆ ఫ్లాటుకు ఎ-ఖాతా (అన్నీ సక్రమంగా ఉన్న ఆస్తికి నగరపాలిక ఇచ్చే పత్రం) ఉందా, లోపాలున్నవాటికి ఇచ్చే బి-ఖాతానా? దాని డిజిటల్ రూపమైన ఇ-ఖాతా వచ్చిందా? ప్రాజెక్టుకు కర్ణాటక రెరా నమోదు ఉందా? ఈసీలో ఎవరి పేరు మీద ఏ తాకట్టు కనిపిస్తోంది? బెంగళూరులో ఇల్లు కొన్నవాళ్లకు ఈ మాటలన్నీ కంఠస్థం. వీటికి జవాబు లాయరు దగ్గర, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది. ఏస్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చినంత మాత్రాన బి-ఖాతా ఎ-ఖాతా అయిపోదు.

రెండోది లెక్క. 80 లక్షల అప్పు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 69,400 రూపాయలు కట్టాలి. మొత్తం మీద బ్యాంకుకు చేరేది దాదాపు కోటీ 66 లక్షలు. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా ఎన్ని నెలలు కట్టగలరు? కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే ఇది పది నిమిషాల్లో తేలుతుంది. ఆ పది నిమిషాలు కూర్చోవడానికి భయపడి చాలామంది కార్డుల దగ్గరికి వస్తారు.

ఈ రెండూ పక్కన పెట్టాక మిగిలింది మూడోది. కాగితాలు సరిగ్గా ఉండి, లెక్క కుదిరినా ఆయన చేయి ఎందుకు ఆడటం లేదు? ఇక్కడ ఇల్లు కొంటే ఇక కడపకు తిరిగి వెళ్లనని ఒప్పుకున్నట్టే అవుతుందన్న దిగులు కావచ్చు. నాన్నను ఇక్కడికి రమ్మంటే రారని తెలిసీ అడగకపోవడం కావచ్చు. కార్డులకు అప్పగించదగినది ఈ మూడో ముక్కే. దాన్ని ఇలా అడగవచ్చు: "ఈ ఇంటి విషయంలో మేమిద్దరం పైకి అనుకోకుండా తప్పించుకుంటున్న మాట ఏది?"

టెన్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చిందనుకోండి. బొమ్మలో ఒక భవనానికి దారితీసే కమాను, దాని కింద భార్యాభర్తలు, పక్కన ఒక పిల్లవాడు. ముందువైపు ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు, ఆయన దగ్గర రెండు కుక్కలు. "కొనాలా వద్దా" అని అడిగిన మనిషికి రీడర్ ఈ కార్డు చూపించి "తరతరాల సంపద, బ్రహ్మాండం, కొనేయండి" అంటారు. తప్పించుకుంటున్న మాట ఏదని అడిగిన మనిషి మాత్రం బొమ్మను చూసి, ముసలాయన ఒక్కడే విడిగా కూర్చున్నాడేమిటి అనుకుంటాడు. ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేస్తాడు. కొంటాడో మానేస్తాడో తర్వాతి సంగతి.

అదే ప్రశ్నకు మరో కార్డు వచ్చినా పని జరుగుతుంది. ఫోర్ ఆఫ్ పెంటకిల్స్‌లో మనిషి ఒక నాణేన్ని గుండెకు హత్తుకుని, రెండింటిని పాదాల కింద తొక్కిపట్టి, ఇంకొకటి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాడు. వెనక ఊరంతా ఉంటుంది, ఆయన మాత్రం కదలలేడు. ఈఎంఐ కట్టేవాళ్లకు ఈ బొమ్మను విప్పి చెప్పనక్కర్లేదు. ఇందులో కార్డు తెలివి ఎంత, అడిగినవాడి తెలివి ఎంత అని లెక్క తేల్చమంటే, నేను రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఒకే కార్డు ప్రశ్నను బట్టి ఎంత మారుతుందో చూడటానికి సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ మంచి ఉదాహరణ. పడవ నడిపేవాడు నిలబడి ఉంటాడు. ముసుగు కప్పుకున్న ఒక మనిషి, ఒక పిల్లవాడు మనకు వీపు పెట్టి కూర్చుని ఉంటారు. పడవలోనే ఆరు కత్తులు నిలువుగా గుచ్చి ఉంటాయి. "ఆన్‌సైట్ వస్తుందా?" (కంపెనీ పని మీద విదేశం వెళ్లే అవకాశం) అంటే పడవ కాబట్టి వస్తుందంటారు. "ఎప్పుడు వస్తుంది?" అంటే ఆరు కాబట్టి ఆరు నెలలంటారు. "వెళ్లడం గురించి నేను చూడకుండా వదిలేస్తున్నది ఏమిటి?" అంటే అప్పుడు కళ్లు కత్తుల మీద పడతాయి. ఇక్కడి బరువులు అదే పడవలో కూడా వస్తున్నాయి కదా. మొదటి రెండు జవాబులూ ఊహలు. మూడోదాని మీద భార్యాభర్తలు ఒక రాత్రంతా మాట్లాడుకోవచ్చు.

మన చేతిలో ఉన్నది, లేనిది

ఎదుటివాళ్ల మనసు గురించి అడిగే ప్రశ్నల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. "అతను నన్ను నిజంగా ప్రేమిస్తున్నాడా?", "మా అత్తగారు నా గురించి ఏమనుకుంటున్నారు?" ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన మనిషి ఆ గదిలో లేరు. లేని మనిషి తరఫున కార్డు చెప్పిన మాటను పట్టుకుని ఇంట్లో గొడవ పడితే, పాపం వాళ్లకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం కూడా ఉండదు. మంచి రీడర్లు ఇలాంటివి తీసుకోరు. వేరే కులం అమ్మాయిని ప్రేమించిన కుర్రాడు "అమ్మానాన్న ఒప్పుకుంటారా?" అన్నప్పుడు, "ఇంట్లో చెప్పేటప్పుడు నేను ఏ మాటను మింగేస్తున్నాను?" అని అడిగేలా నడిపిస్తారు.

అయితే ఇక్కడ ఒక ప్రమాదముంది, దీని గురించి టారో నేర్పేవాళ్లు తగినంత చెప్పరు. ప్రశ్నను మన చేతిలో ఉన్నదాని వైపు తిప్పుకోమన్న సలహా ముదిరితే, ప్రతిదానికీ మనమే కారణమన్న చోటికి చేరుస్తుంది. కంపెనీ ఒక్క ఈమెయిలుతో సగం టీమును తీసేసింది. ఆ మనిషి వచ్చి "ఉద్యోగం పోవడం ద్వారా నేను నేర్చుకోవాల్సిన పాఠం ఏమిటి?" అని అడుగుతాడు. ఏ పాఠమూ లేదు. ఖర్చు తగ్గించుకోవాలనుకున్నారు, తగ్గించుకున్నారు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ "నాలో ఏ లోపం వల్ల ఇలా జరుగుతోంది?" అని అడిగితే, ఏ కార్డు తీసినా ఆ జవాబు ఆమెకు హాని చేస్తుంది, ఎందుకంటే ప్రశ్నలోనే తీర్పు ఉంది. ఇలాంటి చోట రీడర్ చేయాల్సిన మొదటి పని కార్డులు కలపడం ఆపడం. ఉద్యోగం పోయినవాడికి "వచ్చే మూడు నెలల్లో ఎవరిని సాయం అడగడానికి నేను సిగ్గుపడుతున్నాను?" అన్నది ప్రశ్న అవుతుంది. మన వశంలో ఉన్నదేదో వెతకడం వేరు, జరిగినదానికి నేరం నెత్తిన వేసుకోవడం వేరు.

కొన్నిటికి అసలు కార్డులే వద్దు. రిపోర్టులో కనిపించిన గడ్డ ప్రమాదకరమా, మందులు మానేయవచ్చా, కేసు గెలుస్తామా, ఏ షేరు పెరుగుతుంది. రాత్రుళ్లు నిద్ర పట్టక, బతకాలనిపించక కార్డుల దగ్గరికి వచ్చే పిల్లలు కూడా ఉంటారు. ఈ ఊళ్లోనే హోసూరు రోడ్డులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. స్నేహితులెవరైనా ఈ స్థితిలో కార్డు తీయమంటే పెట్టె మూసి ఆ నంబరు కలిపి ఇవ్వండి.

ఇంకోటి, "నాకేమైనా దోషం ఉందా?" అని ఎప్పుడూ అడగవద్దు. కుజదోషం, సర్పదోషం జాతకంలోని మాటలు. 78 కార్డుల్లో ఎక్కడా దోషమన్నది లేదు. మన దగ్గరికి వచ్చాక కొందరు అంటించారు, ఎందుకంటే దోషం ఉంటేనే శాంతి ఉంటుంది, శాంతి ఉంటేనే దానికొక ధర ఉంటుంది. ఆ ప్రశ్న అడగడమంటే పర్సు తీసి బల్ల మీద పెట్టడమే.

మళ్లీ మళ్లీ అడగడం

నచ్చని కార్డు వస్తే మళ్లీ తీయమనడం అందరికీ ఉన్న బలహీనత. స్పష్టత కోసం ఇంకో కార్డు అనే మర్యాదైన పేరు కూడా దీనికుంది. లెక్క వేసి చూడండి. కార్డుల్లో సగం అవును, సగం కాదు అనుకుంటే, ప్రతిసారీ కట్ట మళ్లీ కలిపి మూడుసార్లు అడిగితే కనీసం ఒక్కసారి అవును రావడానికి ఎనిమిదింట ఏడు పాళ్లు అవకాశముంది. అంటే మూడోసారి వచ్చిన అవునుకు విలువ దాదాపు లేనట్టే.

భయాల లెక్క కూడా ఇలాంటిదే. వెయిట్ ప్రచారంలోకి తెచ్చిన కెల్టిక్ క్రాస్ పద్ధతిలో 10 కార్డులు పరుస్తారు. జనం హడలిపోయే డెత్ కార్డు ఆ పదిలో ఉండే అవకాశం 78లో 10, దాదాపు ఎనిమిదింట ఒకసారి. డెత్, డెవిల్, టవర్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, ఈ నాలుగింటిలో కనీసం ఒకటి కనబడే అవకాశం సుమారు 43 శాతం. అంటే ఏ ఆపదా లేని మనిషి కూర్చున్నా దాదాపు సగం సార్లు ఒక భయంకరమైన బొమ్మ బయటపడుతుంది. "ముందు ముందు చెడు ఏమైనా ఉందా?" అని అడిగినవాడికి ఆ బొమ్మే జవాబైపోతుంది. ప్రశ్న వేరైతే అదే డెత్ కార్డు, ఏది ముగిసిపోయిందో ఒప్పుకోమనే మాటగా ఉపయోగపడుతుంది.

మళ్లీ ఎప్పుడు అడగవచ్చు? పరిస్థితిలో ఏదైనా మారినప్పుడు. ఇంటర్వ్యూ జరిగింది, ఇంట్లో మాట చెప్పారు, డాక్టరును కలిశారు. ఏమీ చేయకుండా వారం గడిచినంత మాత్రాన ప్రశ్న కొత్తది కాదు.

బల్ల దగ్గర

అరగంటలో రెండు ప్రశ్నలకు మించి కుదరదు. ముందు రోజే ఇంట్లో తెలుగులో రాసుకోండి, మీ అక్కతోనో స్నేహితుడితోనో చెప్పుకునేటప్పుడు వాడే మాటల్లోనే. రీడర్‌కు ఇంగ్లిష్, హిందీ, కన్నడ తప్ప రాకపోవచ్చు. రాసుకున్నది చేతిలో ఉంటే అక్కడికి వెళ్లాక మర్యాద కోసం అసలు సంగతి నీరుగారిపోదు. నేపథ్యం దాచవద్దు. దాచితే పదిహేను నిమిషాలు రీడర్ ఊహలకే ఖర్చవుతాయి, ఆ డబ్బు మీదే. తలకిందులుగా వచ్చిన కార్డులను వేరుగా చదువుతారా లేదా అన్నది కార్డులు కలపకముందే అడగండి. వచ్చాక అడిగితే ఇద్దరూ కలిసి నచ్చిన అర్థం వైపు జరిగిపోతారు. రీడర్ ఏదైనా గట్టిగా చెప్పినప్పుడు "ఈ బొమ్మలో అది ఎక్కడుంది, చూపిస్తారా?" అని అడగడం అమర్యాద కాదు. చూపించగలిగితే దాని మీద మాట్లాడుకోవచ్చు. చూపించలేకపోతే అది ఆయన అభిప్రాయం, అనుభవజ్ఞుడైన మనిషి అభిప్రాయంగా వినవచ్చు.

బయలుదేరే ముందు ప్రశ్నను మూడు కార్డులతో ఉత్తుత్తిగా పరీక్షించి చూడండి. ఒకటి ది సన్, తెల్ల గుర్రం మీద నవ్వుతున్న పసివాడు. రెండోది ది టవర్, పిడుగు పడి కిరీటం ఎగిరిపోయి మనుషులు కిందికి పడుతున్న బురుజు. మూడోది టూ ఆఫ్ పెంటకిల్స్, రెండు నాణేలను గారడీవాడిలా ఆడిస్తున్న కుర్రాడు, వెనక అలల మీద ఊగుతున్న ఓడలు. అమెరికా ఉద్యోగ వీసా గురించి, "హెచ్-1బీలో నా పేరు వస్తుందా?" అన్న ప్రశ్నను పెట్టండి. ఏడాదికి 85,000 మందికి పరిమితి ఉన్న ఎంపికలో మీ చేతిలో ఉన్నది బహు స్వల్పం. సన్ వస్తే స్వీట్లు పంచుతారు, టవర్ వస్తే మార్చి నెలంతా అన్నం సహించదు, నాణేల కుర్రాడు వస్తే ఇంకో కార్డు తీయమంటారు. మూడింటిలో ఏదీ పనికి రాలేదు. ఇప్పుడు "పేరు రాకపోతే ఈ ఏడాది ఇక్కడ నేను వాయిదా వేస్తున్న పని ఏది?" అని పెట్టి చూడండి. సన్ వస్తే పిల్లలతో గడపని ఆదివారాలు గుర్తుకొస్తాయి. టవర్ వస్తే, అమెరికా వెళ్తామన్న ఆశ మీద కట్టుకున్న లెక్కలేవో కూలితే కూలనీ అని ఒకసారి బయటకు తీసి చూసుకుంటారు. నాణేల కుర్రాడు వస్తే, రెండు ఊళ్ల మధ్య ఊగుతూ మూడేళ్లుగా కొనకుండా ఆపిన ఫ్రిజ్ సంగతి దగ్గర నుంచి మాట మొదలుపెట్టవచ్చు.